ముంపు ఊళ్ల పురావస్తు సర్వే కాగితాలు చేతికొస్తే ఏం చేయాలి?

కర్నూలు పాత ఇళ్లలో అటక దించినప్పుడు ఒక్కోసారి ఒక పాత ట్రంకు పెట్టె బయటపడుతుంది. కొక్కెం తుప్పు పట్టి ఉంటుంది. లోపల నాడాతో కట్టిన ఫైళ్లు, గీతల నోటుబుక్కులు, పచ్చబడిపోయిన ట్రేసింగ్ పేపర్లు, సిగరెట్ పెట్టెలో నెగిటివ్‌లు, చిన్న గుడ్డ సంచిలో కుండ పెంకులు. శ్రీశైలం డ్యాం వెనక నీళ్లు నిలవక ముందు నది ఒడ్డు ఊళ్లు తిరిగి సర్వే చేసినవాళ్ల కాగితాలవి. రాసినాయన ఉండరు. పిల్లలు ఏ బెంగళూరులోనో ఉంటారు. పాత పేపర్లవాడు తూకం వేసేలోపు ఆ పెట్టె మీ చేతికి వచ్చిందనుకుందాం.

మామూలు చోట సర్వే నోట్సు పోతే మళ్లీ వెళ్లి చూసి రాసుకోవచ్చు. ఇక్కడ ఆ వీలు లేదు. 1963లో శంకుస్థాపన జరిగిన డ్యాం వెనక 1980ల మొదట్లో నీళ్లు చేరి, అప్పటి కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో దాదాపు వంద ఊళ్లు మునిగాయి. పాటిదిబ్బలు (పాత ఊళ్లు పూడిపోయిన మట్టిదిబ్బలు), బృహత్ శిలాయుగపు సమాధులు, వీరగల్లులు (పోరులో చనిపోయిన వీరుల గుర్తుగా నిలిపిన రాళ్లు) కూడా వాటితో పాటే పోయాయి. కేంద్ర పురావస్తు శాఖ 1977 నుంచి 1980 వరకు తుంగభద్ర ఒడ్డున సాతానికోటలో తవ్వింది. కృష్ణ ఒడ్డున వీరాపురంలో హైదరాబాదు బిర్లా పురావస్తు సంస్థ తవ్వింది. తవ్విన చోట్లకైతే రిపోర్టులున్నాయి. తవ్వకుండా ఒక్కసారి చూసి రాసుకున్న చోట్లకు మాత్రం ఆ నోటుబుక్కు పేజీ తప్ప ఇంకేమీ మిగల్లేదు.

అందుకే ఈ పనిలో కాగితాన్ని కాపాడటం సగమే. డైరీలో రాసిన 14వ నంబరు చోటు, మ్యాపు మీద 14 అని పెట్టిన చుక్క, నెగిటివ్ కవరు మీది 14, పెంకుల సంచిలోని 14 ఒకటేనని తెలియడం మిగతా సగం. ఆ ముడి విడిపోతే చేతిలో ఉన్నది ఏదో ఊరి ఫొటో, ఎక్కడివో పెంకులు. రూపాల సంగమేశ్వరాలయాన్ని ముంపు నుంచి తప్పించి కర్నూలు జగన్నాథగట్టు మీదికి, కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని అలంపురానికి తరలించిన సంగతి మనవాళ్లకు తెలుసు. ఇలా గుడిని విప్పి మళ్లీ కట్టే పని రాళ్ల మీద వేసిన నంబర్ల మీదే నడుస్తుంది. మీ పెట్టెలోని కాగితాలకూ అదే లెక్క.

పెట్టె తెరవగానే

ఏదీ బయటికి తీయకండి. మూత తెరిచింది తెరిచినట్టే ఫోన్‌తో ఒక ఫొటో, ఒక్కో పొర తీస్తున్నప్పుడల్లా ఇంకో ఫొటో తీసుకోండి. ఏ ఫైలు మీద ఏది ఉంది, ఏ కవరు ఏ నోటుబుక్కు మధ్యలో ఇరుక్కుని ఉంది అన్నది కూడా సమాచారమే. పేరు లేని నెగిటివ్ కవరు ఒక డైరీలో 40, 41 పేజీల మధ్య దొరికిందంటే, అది ఆ రోజు ఫొటోలే కావచ్చు. మీరు శ్రద్ధగా ఫొటోలన్నీ ఒకచోట, మ్యాపులన్నీ ఒకచోట సర్దారనుకోండి, ఆ ఆధారం అక్కడితో పోయినట్టే. సర్దడమంటే ఇష్టమున్నవాళ్లకు ఇది చాలా కష్టమైన పని, నాకు తెలుసు. చేతులు కట్టుకుని కూర్చోండి.

తర్వాత ఈ కాగితాలు ఎవరివో చూడండి. ఆఫీసు స్టాంపు, ఫైలు నంబరు, యాక్సెషన్ నంబరు (రిజిస్టరులో ఎక్కించిన వరుస నంబరు) ఉంటే అవి ప్రభుత్వ రికార్డు కావచ్చు. అప్పుడు ఇంట్లో పెట్టుకోవడం కుదరదు. శాఖకు రాతపూర్వకంగా తెలియజేసి, అప్పగించే ముందు జాబితా, నకళ్లు చేసుకోవడానికి అనుమతి అడగండి. సొంత నోట్సు అయితే కుటుంబం దగ్గర ఒక చిన్న ఉత్తరం తీసుకోండి: ఇవి ఫలానా తేదీన ఇచ్చాం, స్కాన్ చేసుకోవచ్చు, ఫలానా చోట దాచవచ్చు అని. నోటిమాట మీద వెళ్తే, మనవళ్ల తరం వచ్చాక గొడవలవుతాయి.

పెట్టెలో పాత వస్తువులుంటే, ముఖ్యంగా నాణేలు, పూసలు, విగ్రహపు ముక్కలు కనిపిస్తే, దాచిపెట్టకండి. 1972 నాటి పురావస్తువుల చట్టం ఉంది, భూమిలో దొరికిన నిధి గురించి కలెక్టరుకు చెప్పాలన్న 1878 నాటి చట్టం కూడా ఉంది. వాటిని ఫొటో తీసి, ఏ సంచిలో దొరికాయో రాసి, పురావస్తు శాఖ వాళ్లకు చూపించండి.

జాబితా

ఒక పొడుగు పుస్తకం, ఒక 2బీ పెన్సిల్ చాలు. బాల్‌పెన్ను దగ్గరికి రానివ్వకండి. ప్రతి వస్తువుకూ ఒక వరుస నంబరు వేయండి. పాత నంబరు ఉంటే దాన్ని కొట్టేయకుండా పక్క గడిలో ఎక్కించండి. వస్తువు మీద నంబరు వేయాల్సి వస్తే కాగితం వెనక, మూలన, పెన్సిల్‌తో చిన్నగా వేయండి. ఫొటో వెనక మాత్రం నొక్కి రాయకండి, ముందువైపు గీత తేలుతుంది.

జాబితాలో ఊరి పేరు గడి ఒక్కటి పెడితే చాలదు. కనీసం నాలుగు కావాలి: కాగితంలో ఉన్నది ఉన్నట్టు పేరు, ఇప్పుడు జనం పలికే పేరు, అప్పటి తాలూకా, ఇప్పటి మండలం-జిల్లా. ఎందుకంటే రిపోర్టుల్లో సాతానికోట అని ఉన్నదాన్ని నందికొట్కూరు వైపు శాతనకోట అంటారు. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. 2022 ఏప్రిల్‌లో నంద్యాల జిల్లా ఏర్పడ్డాక సంగమేశ్వరం, శ్రీశైలం, ఆత్మకూరు అటు వెళ్లాయి. ఎదురుగా ఉన్న అలంపురం 2014 నుంచి ఇంకో రాష్ట్రం. కర్నూలు జిల్లా అని పాత కాగితంలో రాసి ఉన్న చోటును నేటి కర్నూలు జిల్లాలో వెతికితే దొరకకపోవచ్చు. పైగా ముంపు ఊళ్లలో కొన్ని అదే పేరుతో గట్టు మీద మళ్లీ కట్టుకున్నవి. పాత ఊరా, కొత్త ఊరా అన్నది తప్పకుండా రాయండి. ఈ తప్పు చాలామంది చేస్తారు. 1978లో రాసిన చోటును కొత్త కాలనీ దగ్గర చుక్క పెట్టి చూపిస్తారు.

దుమ్ము, గుండుసూదులు, చెద

శుభ్రం చేసేది మెత్తటి బ్రష్‌తో, పొడిగా, వాకిట్లోనో వరండాలోనో, ముక్కుకు మాస్కు కట్టుకుని. తడిగుడ్డతో తుడవకండి. గుండుసూదులు, స్టేపుల్ పిన్నులు తుప్పు పట్టి ఉంటే లాగకండి. వెనకవైపు కాళ్లు రెండూ పల్చటి కత్తి మొనతో నిటారుగా లేపి, తర్వాత ముందు నుంచి తీయండి. రబ్బరు బ్యాండ్లు కరిగి అంటుకుపోయి ఉంటాయి, తీసేయండి. వాటి బదులు తెల్ల నాడా కట్టండి, అదీ వదులుగా.

మన దగ్గర రికార్డు అంటే ఎర్రగుడ్డ మూట గుర్తొస్తుంది. దానికి బదులు రంగు వేయని కోరా గుడ్డ తెచ్చి, గంజి పోయేలా రెండుసార్లు ఉతికి ఆరేసి వాడండి. ఎర్రగుడ్డ ఒక్కసారి తడిస్తే లోపలున్న కాగితాలన్నీ గులాబీ రంగు అవుతాయి. కలరా ఉండలు వేయకండి, ఆ వాసన మనిషికీ మంచిది కాదు, ఫొటోలకూ మంచిది కాదు. పాతవాళ్లు తాటాకుల్లో పెట్టే ఎండు వేపాకు, వసకొమ్ము పల్చటి గుడ్డలో మూటకట్టి బీరువా మూలన పెడితే తప్పులేదు, కానీ కాగితానికి తగలనివ్వకండి. అసలు మందు అది కాదు. బీరువా ఇనుపదై ఉండాలి, నేల నుంచి జానెడు ఎత్తున, గోడకు ఆనకుండా ఉండాలి, నెలకోసారి ఎవరో ఒకరు తలుపు తెరిచి చూడాలి. చెదలు చీకట్లో, కదలిక లేనిచోట పుడతాయి.

కర్నూలు గాలి ఏడాదిలో ఎక్కువ భాగం పొడిగా ఉంటుంది, అది మన అదృష్టం. గాలిలో తేమ 65 శాతం దాటితే బూజు మొదలవుతుంది. వానాకాలం నాలుగు నెలలు సిలికా జెల్ పొట్లాలు పెట్టి, రంగు మారినప్పుడల్లా వేడిచేసి మళ్లీ వాడుకోండి. మే నెల వేరే సంగతి. రేకుల కింద, మిద్దె పైగదిలో ఎండ వేడికి నెగిటివ్‌లు వంకర్లు తిరుగుతాయి. కింది గదిలో, మధ్య గోడ పక్కన పెట్టండి.

దేనికి ఏ జాగ్రత్త

అన్నీ కాగితాలే కదా అని ఒకేలా చూడకూడదు. అమ్మోనియా ప్రింట్లు, అంటే ఊదా రంగు గీతల ప్లాన్లు, వెలుగు తగిలితే మాసిపోతాయి, పక్కనున్న ఫొటోలనూ పాడుచేస్తాయి. వాటిని విడిగా, చీకట్లో, మడవకుండా పెట్టండి. (విడిగా పెట్టమన్నానని సంబంధం తెంచకండి. తీసినచోట ఒక చీటీ పెట్టండి: 'ఇక్కడున్న ప్లాను 3వ డబ్బాలో, నంబరు 52'.)

శాసనాల మీద తడి కాగితం అద్ది, బ్రష్‌తో కొట్టి, సిరా అద్ది తీసిన ఎస్టాంపేజీలు దొరికితే మీ అదృష్టం పండినట్టే. రాయి నీటి కింద ఉంటే ఇక చదవగలిగేది దాన్నే. సిరా చేతికంటుతుంది. మడతలు విప్పేటప్పుడు తొందరపడకండి. ఇస్త్రీ పెట్టె వాడకండి, అక్షరం లోతు చెప్పేది ఆ కాగితపు ఎత్తుపల్లాలే.

నెగిటివ్‌ల డబ్బా మూత తీయగానే పుల్లటి వెనిగర్ వాసన వస్తే ఫిల్ము కుళ్లడం మొదలైందని అర్థం. పక్కవాటికీ అది అంటుకుంటుంది. వెంటనే వేరుచేసి, ముందు వాటినే స్కాన్ చేయండి. మెరిసే ప్లాస్టిక్ కవర్లు వద్దు. పేపరు కవర్లే మేలు.

పెంకుల సంచులు: లోపలి చీటీని సిల్వర్‌ఫిష్ పురుగులు తినేసి ఉంటాయి. మిగిలిన ముక్క మీద ఏ అక్షరం కనిపించినా అదే రాసుకోండి. కొత్త చీటీ రెండు రాయండి, ఒకటి లోపల, ఒకటి బయట. పాత చీటీ పారేయకండి. పెంకులు కడగకండి, వాటి మీద సిరాతో రాసిన నంబరు కొట్టుకుపోవచ్చు.

లామినేషన్ గురించి ఒక మాట. నేను ఒక చేతిగీత మ్యాపును ముచ్చటపడి లామినేట్ చేయించాను. మూడేళ్లలో మధ్యలో బుడగలు లేచి, అంచుల నుంచి పచ్చబడింది. ఇప్పుడు దాన్ని తీయబోతే మ్యాపే వచ్చేస్తుంది. అలాగే ఉంచాను, చూసినప్పుడల్లా బుద్ధి వస్తుందని.

తడిసిపోతే

ఈ భాగం కర్నూలువాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి ఊరి మీదికి వచ్చినప్పుడు ఎన్ని ఇళ్లలో ఎన్ని కాగితాలు పోయాయో లెక్కలేదు. డ్యాం ముంపు నుంచి బయటపడ్డ రాతలు వరద ముంపులో పోయాయి. అప్పుడు నేను చేసింది అందరూ చేసిందే: నీళ్లు తీశాక బురద కాగితాలు మోసుకెళ్లి మిద్దె మీద ఎండేశాను. సాయంత్రానికి కాగితాలు అప్పడాల్లా అయ్యాయి, అంటుకున్న ఫొటోలను విడదీయబోతే బొమ్మ ఒకదాని మీది నుంచి ఇంకోదానికి ఊడి వచ్చింది. ఎండ ముఖ్యమనుకున్నాను, అదే కొంప ముంచింది.

చేయాల్సింది ఇది. రెండు మూడు రోజుల్లో బూజు పడుతుంది, కాబట్టి అన్నీ ఒకేసారి ఆరబెట్టలేమని ముందే ఒప్పుకోండి. తక్కువ తడిసినవి ముందు తీసుకుని, నీడలో, ఫ్యాన్ గాలికి, అచ్చులేని తెల్ల కాగితాల మధ్య పరచండి. ఆ తెల్ల కాగితాలను గంటకోసారి మార్చండి. న్యూస్‌పేపరు వాడితే సిరా అంటుతుంది. ముద్దగా తడిసిన నోటుబుక్కు పేజీలు విప్పకండి. బురద ఉంటే మూసి పట్టుకుని శుభ్రమైన నీళ్లలో మెల్లగా ముంచి తీయండి. అయితే ఫౌంటెన్ పెన్ను సిరా ఉందేమో ముందు చూసుకోండి, ఆ సిరా నీళ్లకు పోతుంది. బాల్‌పెన్ను, పెన్సిల్ రాతలు నిలుస్తాయి. తర్వాత పాలిథిన్ కవరులో చుట్టి ఫ్రిజ్ పైన ఫ్రీజర్‌లో పెట్టండి. ఇంట్లోవాళ్లు తిడతారు, తిట్టనివ్వండి. గడ్డకట్టిన కాగితం నెలల తరబడి అలాగే ఉంటుంది, ఒక్కొక్కటీ తీసి ఆరబెట్టుకోవచ్చు. కరెంటు పోకుండా మాత్రం చూసుకోవాలి.

ఫొటోలు, ఫిల్ము నెగిటివ్‌లు తడిస్తే వాటిని ఎండనివ్వకండి. శుభ్రమైన చల్లటి నీళ్ల తొట్టిలోనే ఉంచి, ఒకటీ రెండు రోజుల్లోపు ఒక్కొక్కటిగా విడదీసి, బొమ్మ పైకి ఉండేలా ఆరబెట్టండి. నెగిటివ్‌లను క్లిప్పుతో వేలాడదీయండి. గాజు పలకల నెగిటివ్‌లు మాత్రం ఫ్రీజర్‌లో పెట్టకూడదు. ఈ హడావుడిలో కవరు ఒకచోట, ఫొటో ఒకచోట అవుతాయి. తీసేముందే ఒక ఫొటో తీసి, పక్కన పెన్సిల్ చీటీ పెట్టడం మరవకండి.

నీటిమట్టం అనే గడి

రిజర్వాయరు చుట్టూ సర్వే కాగితాలకు మాత్రమే ఉండే చిక్కు ఇది. శ్రీశైలం పూర్తి నీటిమట్టం 885 అడుగులు. సంగమేశ్వరంలో వేప మొద్దు శివలింగం ఉన్న గుడి నీళ్లు సుమారు 838, 840 అడుగులకు దిగితేనే బయటపడుతుంది. అదే పాటిదిబ్బ ఒక ఏడు ఒడ్డు, ఇంకో ఏడు దీవి, ఇంకో ఏడు నీళ్లు. 1990 తర్వాత ఎవరైనా నీళ్లు తగ్గినప్పుడు వెళ్లి రాసుకున్న నోట్సు మీ పెట్టెలో ఉంటే, తేదీ చూసి ఆ రోజు నీటిమట్టం ఎంతో పక్కన ఎక్కించండి. పాత దినపత్రికల్లో డ్యాం మట్టాలు వేస్తారు, ప్రాజెక్టు రికార్డుల్లోనూ ఉంటాయి. ఆ అంకె లేకపోతే 'ఒడ్డు నుంచి 200 గజాలు' అన్న మాటకు అర్థం లేదు. ఏ ఒడ్డు? అలలు ఏటా ఎక్కి దిగి మట్టిని కోస్తుంటాయి కాబట్టి, పెంకులు పైన కనిపించిన చోటు అసలు పొర కాకపోవచ్చు. అది తేల్చేవాళ్లకు మీ అంకె పనికొస్తుంది.

చోటు గుర్తించడంలో ఇంకో ఉచ్చు ఉంది. కర్నూలు ప్రాంతపు పాత టోపో షీట్లు (నేల ఎత్తుపల్లాలు చూపే సర్వే మ్యాపులు), అంటే 57 ఐ వరుసవి, వేరే కొలత పద్ధతి మీద గీసినవి. వాటి మీది అక్షాంశ రేఖాంశాలను నేరుగా ఫోన్ మ్యాపులో కొడితే చుక్క వంద మీటర్లకు పైగానే పక్కకు పడుతుంది. నది ఒడ్డున వంద మీటర్లంటే నేల బదులు నడి నీళ్లు. క్యూజీఐఎస్ లాంటి ఉచిత మ్యాపుల సాఫ్ట్‌వేర్ తెలిసిన కుర్రాళ్ల చేత డేటమ్, అంటే ఆ కొలతల ఆధారం, మార్పించండి. పాత అంకె చెరపకండి, కొత్తది పక్కన రాసి, ఎలా మార్చారో రాయండి.

స్కానింగ్

రాతలకు 300 డీపీఐ, చిన్న ఫొటోలకు 600, నెగిటివ్‌లకు 2400 పైన పెట్టండి. అసలు కాపీ టిఫ్ ఫార్మాట్‌లో, వాడుకోవడానికి జేపెగ్ లేదా పీడీఎఫ్. ఖాళీ పేజీలు, అట్టలు, వెనకవైపులు వదలకండి. డైరీ వెనక అట్ట మీద బస్సు ఛార్జీలు, పాలవాడి లెక్క మధ్యలో ఒక సైటు స్కెచ్చు ఉండటం నేను రెండుసార్లు చూశాను. పెద్ద మ్యాపులకు ఫోన్ చాలు, కానీ నిటారుగా పై నుంచి, పగటి నీడ వెలుగులో, పక్కన స్కేలు పెట్టి తీయండి.

ఫైలు పేరులో డబ్బా నంబరు, వస్తువు నంబరు, పేజీ నంబరు అంతే. వర్ణనలు పేరులో వద్దు, జాబితాలో రాయండి. జాబితాను ఎక్సెల్‌లో ఎక్కించాక సీఎస్‌వీగా (ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా తెరుచుకునే సాదా ఫైలుగా) కూడా దాచండి. ఎప్పుడో డీటీపీ సెంటరులో 'అను' అనే పాత ఫాంట్లలో కొట్టించిన తెలుగు ఫైళ్లు ఉంటే యూనికోడ్‌లోకి మార్చి, ఒక ప్రింటు కూడా తీసి పెట్టండి. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే అవి గజిబిజి గుర్తులే.

మూడు కాపీలు ఉండాలి: ఒకటి ఇంట్లో హార్డ్ డిస్కులో, ఒకటి వేరే రకం మీడియాలోనో క్లౌడ్‌లోనో, ఒకటి వేరే ఊళ్లో. మూడూ కర్నూల్లోనే, మూడూ నది పక్కనే ఉంటే అవి ఒక కాపీ కిందే లెక్క. ప్రతి ఫైలుకూ హాష్ నంబరు తీసి దాచుకుంటే, అది వేలిముద్ర లాంటిది, ఏడాదికోసారి సరిపోల్చి ఏ ఫైలు పాడైందో పట్టుకోవచ్చు.

ఎవరికి చూపాలి, ఏది దాచాలి

పరిశోధకులకు అందుబాటులో పెట్టండి, కానీ సరిగ్గా చోటు చెప్పే అంకెలు మాత్రం అందరి కళ్ల ముందూ పెట్టకండి. మన జిల్లాలో గుప్త నిధుల పిచ్చి ఏ స్థాయిలో ఉందో చెప్పక్కర్లేదు. నీళ్లు దిగిన వేసవిలో పలుగు పారతో బయల్దేరేవాళ్లకు మీ జాబితా దారి చూపకూడదు. ఊరి పేరు వరకు బయట పెట్టి, అక్షాంశ రేఖాంశాలు అడిగినవాళ్లెవరో తెలుసుకున్నాకే ఇవ్వండి.

ముంపు ఊళ్ల నుంచి వచ్చిన పెద్దవాళ్లు ఇంకా కొందరున్నారు. ఫొటోల ప్రింట్లు తీసుకుని వాళ్ల దగ్గరికి వెళ్లండి. అసలు ఫొటోలు తీసుకెళ్లకండి, చేతులు మారి పోతాయి. "అవ్వా, ఈ రాయి ఎక్కడుండె?" అని అడిగి ఫోన్‌లో రికార్డు చేయండి. మొదట్లోనే తేదీ, ఊరు, ఏ ఫొటో నంబరు చూపిస్తున్నారో గట్టిగా పలకండి, లేకపోతే ఆర్నెల్ల తర్వాత "ఇదిగో ఈడ, ఈ పక్కన" అన్న మాట దేని గురించో మీకే తెలియదు. ఫొటోలో పంచ ఎగ్గట్టి నిలబడ్డ మనిషి మా మామ అని ఒకామె చెప్పాక, ఆ రాయి ఎవరి చేలో ఉందో, చేను ఏ ఊరిదో ఒక్క క్షణంలో తేలిపోయింది. అప్పటికి నాలుగు నెలలుగా నేను ఆ ఫొటోను ఇంకో ఊరి కింద రాసుకుని కూర్చున్నాను. అలాంటి దిద్దుబాటు వచ్చినప్పుడు పాత పేరు కొట్టేయకుండా, ఎవరు చెప్పారో, ఎప్పుడు చెప్పారో పక్కన రాయండి.

ఇక చివరిది. బీరువాలో పెట్టేముందు ప్రతి డబ్బా మూత లోపలి వైపు ఒక అట్టముక్క బిగించండి, సెల్లో టేపుతో కాదు, మైదా జిగురుతోనూ కాదు, అది పురుగులకు విందు. రెండు మూలల దారంతో కుట్టేయండి. దాని మీద పెన్సిల్‌తో: లోపల ఎన్ని వస్తువులు, ఎవరి దగ్గర నుంచి వచ్చాయి, జాబితా పుస్తకం ఎక్కడుంది, స్కాన్ కాపీలు ఏ ఊళ్లో ఎవరి దగ్గరున్నాయి, ఆఖరిసారి ఎప్పుడు తెరిచారు. ఆ ఆఖరి గడి కింద ఒక పది ఖాళీ గీతలు వదలండి.